ఇంకో రెండేండ్లు

బెల్లం మండీ గోడకి కాయితం అంటించినారు,
మైదా బంక ఇంకా తడిగానే ఉండాది.
మన చిత్తూరు కబడ్డీ జట్టుకి
దొరవేలు గారే కోచ్, ఇంకో రెండేండ్లు.
కింద మండీ సంఘం స్టాంపు
సగం పడింది, సగం పడలేదు.

సంతపేట టీ అంగట్లో
ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.
మొదటి గ్లాసు అయిపోయేదాకా
ఒక్కరూ తిట్టలేదు కూడా.

తర్వాత మునెప్ప ఎత్తుకున్నాడు:
"మూడేండ్లు, మూడు సెమీఫైనల్లు.
మూడుసార్లూ ఆఖరి రెండు నిమిషాల్లో
మనోళ్ళు చెట్లు నాటినట్టు నిలబడిపోయినారు.
బోనస్ గీత అంటే ఆ మనిషికి భయమబ్బా.
జలుబు అంటించినట్టు
పిల్లోళ్ళందరికీ అంటించేసినాడు."

పాలు పొంగకుండా గరిటె తిప్పతా కాంచనక్క అనింది:
"ఆయన రాకముందు
సెమీఫైనల్ అనే మాట నీ నోట్లో తిరిగిందా?
గుడిపాల పిల్లోళ్ళ చేతిలో గూడా ఓడిపోతా ఉంటిమే.
అంపైరు మింద బెల్లం అచ్చు విసిరింది ఎవురు మునెప్పా?"
అందరూ నవ్వినారు.
"అరకిలో అచ్చు" అన్నాడు మునెప్ప,
ఇప్పటికీ ఆ బెల్లం గురించే బాధ.

జబ్బారు లారీ తాళాలు బల్ల మింద పెట్టినాడు.
"కొత్తోడు వస్తే ఏం ఒరగబెడతాడు?
తెలిసిన గుంతల రోడ్డే మేలు,
యాడ బ్రేకు తొక్కల్లో కాలికే తెలుస్తాది."
"ఆ రోడ్డు మింద పోయి పోయి
నడుము ఇరిగినోడివి నువ్వే గదా?"
అనేసరికి తాళాలు మళ్ళీ జేబులోకి పోయినాయి.

నేను నోరు తెరవలేదు.
గుజ్జు ఫ్యాక్టరీ కాటా కాడ నా ఉద్యోగం.
బెంగళూరా కాయల లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం,
ఖాళీగా బయటికి పోయేటప్పుడు ఇంకో తూకం.
అందులోనుంచి ఇది తీసేస్తే కాయ బరువు.
ఆ మనిషిని మాత్రం
పదకొండేండ్లుగా తూస్తానే ఉండా.
ఏది లారీనో ఏది కాయో
చీటీ రాయలేకపోయినా.

అప్పుడాయన మా హైస్కూల్లో పీఈటీ.
నా కుడి మోకాలు బొటనవేలితో నొక్కి చూసి
"ఇంక ఆట చాలు నాయనా" అన్నాడు.
అంతే. ఇంకో మాట లేదు.
ఈల మెళ్ళో వేసుకుని
పక్కనోడి పేరు పిలిచినాడు.
ఆ రాత్రి ఆయన చచ్చిపోవాలని కోరుకున్నా,
దీపం పెట్టి మరీ కోరుకున్నా.
మరుసటేడు ఫ్యాక్టరీ మెట్ల మింద
ఆ మోకాలే మడతపడింది.
ఆయన చెప్పింది నిజమే.
నిజం చెప్పినోడి మింద కోపం పోవాలని
యాడా రాసిపెట్టి లేదు గదా.

అయినా సెమీఫైనల్ రోజు
మన రైడరు అవతలి కోర్టులో కూత పెడతా ఉంటే
గ్యాలరీలో నేను గూడా ఊపిరి బిగబట్టి
కబడ్డీ కబడ్డీ అని లోపల్లోపలే అంటా ఉంటిని.
వాడి కూత తెగినాక గూడా
నాది తెగలేదు.
పక్కన కూర్చున్న ముసలాయన
భుజం తట్టి నీళ్ళిచ్చినాడు.

సాయంత్రం డ్యూటీ దిగి
మైదానం పక్కగా పోతా ఉంటే
దొరవేలు సార్ ఒక్కడే ఉండాడు.
లుంగీ ఎగ్గట్టి, బకెట్టుతో మట్టి తడిపి,
గులకరాళ్ళు ఏరి బనియన్ ఒళ్ళో వేసుకుంటా.
కాంట్రాక్టు పొడిగించిన మనిషి మాదిరి లేడు,
పెండ్లయినాక పందిరి విప్పేవోడి మాదిరి ఉండాడు.
సున్నం డబ్బా పట్టుకుని నడిగీత గీస్తా ఉంటే
కంచె బయటినుంచి ఒక గొంతు:
"వంకర పోతా ఉండాది!"

మునెప్పే. ఎప్పుడొచ్చినాడో.

సార్ తల ఎత్తలేదు.
"వంకరుంటే వచ్చి తాడు పట్టుకో."

మునెప్ప తిట్టుకుంటానే చెప్పులిడిసి
కంచె దూరినాడు.
తాడు ఒక కొస ఆయన చేతిలో,
ఇంకో కొస ఈయన చేతిలో.
"ఈ తూరి గానీ ఫైనలుకి పోకపోతే..."
"ఎడం పక్కకి జరుగు."
"పోకపోతే చూడు సార్ నేను..."
"జరగమంటినా, ఇంకొంచెం."

నేను కంచె ఇవతలే నిలబడినా,
బరువంతా ఎడమకాలి మింద వేసి.
సున్నం డబ్బా అడుగంటిన చప్పుడు.
గీత సగం దాకా వచ్చింది.
మిగతా సున్నం
నా సైకిలు దాటి రెండో అంగట్లో దొరుకుతాది.
ఆ మాట చెప్పల్లా వద్దా అని
శానా సేపు చూస్తా ఉండిపోయినా.